పడవ పాటలో గిటారు వాయించిందెవరు?

బొంబాయి కామాఠీపురాలో దుర్గయ్యను ఎరగనివాళ్లు లేరు. ఆయన చేత పేరు అడిగించుకోనివాళ్లూ లేరు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. ఏ వస్తువు చేతికి తగిలినా, ఏ రుచి నాలుక్కి తగిలినా, "ఇది చేసిందెవరు?" అని అడగాల్సిందే. పేరు చెబితే ఆ పేరును రెండుసార్లు పైకి అనుకుని, తల ఊపి, అప్పుడు కదులుతాడు. చెప్పకపోతే కదలడు.

ఈ జబ్బు వల్ల ఆయన భార్య శాంతాబాయి పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. ఒకసారి వర్లిలో పెళ్లికి పోయారు. పెళ్లికూతురి తండ్రి చేతులు నలుపుకుంటూ వచ్చి, "దుర్గన్నా, భోజనం ఎట్లున్నది?" అన్నాడు.

"మస్తుగున్నది. వండిందెవలు?"

"నేనే పెట్టించిన."

"పెట్టించినవు లేవయ్యా. పప్పు వండిందెవలు?"

"గదేంది దుర్గన్నా! పెండ్లి నాది."

"పెండ్లి నీదే. పప్పు ఎవలిది?"

పెళ్లికూతురి తండ్రి మొహం ఇంత చేసుకున్నాడు. దుర్గయ్య ఎంగిలి చేత్తోనే వంటల దగ్గరికి పోయి, పొగకు కళ్లు తుడుచుకుంటున్న ఒక ఆడమనిషి ముందు నిలబడ్డాడు. "పేరు? యాదమ్మనా? యాదమ్మ. పప్పు బాగున్నది యాదమ్మా" అని చెప్పి, చెయ్యి కడుక్కుని వచ్చాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎన్ని శుభకార్యాలు జరిగినా వీళ్లకు పిలుపు రాలేదు.

బస్సెక్కితే ఇంకో గొడవ. కుదుపు లేకుండా నడిపాడని డ్రైవరు పేరు కనుక్కోవడానికి ముందు తలుపు దాకా పోయేవాడు. ఈలోగా దిగాల్సిన స్టాపు దాటిపోయేది. శాంతాబాయి నాగ్‌పాడాలో దిగి, బజారు చేసుకుని, ఇంటికొచ్చి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేసరికి, ఎక్కడో దిగిపోయిన మొగుడు చెమటలు కక్కుకుంటూ నడిచొచ్చేవాడు. "డ్రైవరు పేరు గోవింద్. సాతారా మనిషి" అని చెప్పి మంచినీళ్లు అడిగేవాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, చావింట్లో చేసింది ఒక ఎత్తు. పక్క చాలులో, అంటే వరసగా ఒంటిగది ఇళ్లున్న పక్క మేడలో, ఒక ముసలాయన పోయాడు. జనమంతా ఏడుస్తున్నారు. దుర్గయ్య కూడా ఏడుస్తూనే పాడె చుట్టూ ఒకసారి తిరిగి, ముడి ఒకటి వేలితో నొక్కి చూసి, "కట్టిందెవలు? మంచిగ కట్టిండు" అన్నాడు. అప్పుడు శాంతాబాయి కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు ఆపుకోవడానికేనని అందరూ అనుకున్నారు.

దుర్గయ్యది మైకుసెట్టు పని. ఫోరస్ రోడ్ మొదట్లో చిన్న గది, అందులో రెండు లౌడ్‌స్పీకర్లు, ఒక గ్రామఫోను, గోడ నిండా రికార్డులు. పెళ్లయినా, పేరంటమైనా, గణపతి పండుగైనా దుర్గయ్య సెట్టే. ఆయన పెట్టిన పాట మాత్రం ఎవరూ సాంతం విన్న పాపాన పోలేదు. పాడేవాళ్లు పాడుతున్నంతసేపూ దుర్గయ్య కబుర్లు చెబుతుంటాడు. పాట ఆగి వాయిద్యాలు మొదలవగానే చెయ్యెత్తి అందరి నోళ్లూ మూయిస్తాడు. ఆ ముక్క బాగుంటే సూది ఎత్తి మళ్లీ అక్కడే పెడతాడు.

అలా సూది ఎక్కువసార్లు వెనక్కి పోయింది పడవ పాటలోనే. అది యాభైల్లో వచ్చిన హిందీ సినిమా పాట. నది మీద పడవ పోతుంటే ఒకమ్మాయి పాడుతుంది. మొదటి చరణం కాగానే స్టీల్ గిటారు ఒక్కటే మోగుతుంది. ఒళ్లో పడుకోబెట్టుకుని, తీగల మీద ఉక్కు కడ్డీ జార్చి వాయించే గిటారు అది. నీళ్ల మీద గాలి జారినట్టు జారి, చివర్లో చిన్నగా విరిగి ఆగుతుంది. ముప్పై ఏళ్లయినా ఆ ముక్క వినబడితే బొంబాయిలో పనిలో ఉన్నవాడు పని ఆపేవాడు. రేడియోలో పాడినావిడ పేరు చెబుతారు, రాసినాయన పేరు చెబుతారు, బాణీ కట్టినాయన పేరు చెబుతారు. దుర్గయ్య రేడియో వైపు వంగి, "మరి గిటారు?" అంటాడు. రేడియో వార్తల్లోకి పోతుంది.

ఇంతవరకు అయితే నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఆ గిటారు వాయించింది తానేనని చెప్పుకునే మనిషి దుర్గయ్య ఇంట్లోనే మంచమేసుకుని ఉన్నాడు. ఆయన శాంతాబాయి తండ్రి రాజలింగం.

రాజలింగం తాపీమేస్త్రీ. తాతల నాడు పాలమూరు నుంచి వచ్చి బొంబాయిలో రాయి మీద రాయి పెట్టిన కామాఠీల వంశం. అంతటి మేడలు ఎత్తి, రాతి మీద మాత్రం దొరల పేర్లు చెక్కించి ఇచ్చిన జనం వాళ్లు. ఆ ఉక్రోషమో ఏమో, రాజలింగానికి తన గొప్పలు తానే చెప్పుకోవడం అలవాటు. గవర్నరును మెట్ల మీద ఆపి, తడి గచ్చు తొక్కొద్దని గదమాయించానంటాడు. బైకల్లా జూలోంచి తప్పించుకున్న పులిని సున్నం గంపతో ఆపానంటాడు. వాటి మధ్య గిటారు సంగతి కూడా ఒకటి.

"కుండపోత వాన. లోకల్ బండ్లు బంద్ అయినయి. గిటారు వాయించే గోవా మాస్టరు రాలే" అని మొదలుపెడతాడు. "గిటారు స్టూడియోలనే ఉన్నది. ఉక్కు కడ్డీ మాత్రం మాస్టరు జేబుల ఉన్నది. నేను ఆ స్టూడియో గోడలకు మరమ్మత్తు చేస్తున్న. మాస్టరు ఖాళీ దొరికితే నాకు నేర్పుతుండె. పాట రిహార్సలు మొత్తం విన్న. నేను వాయిస్త సాబ్ అన్న. కడ్డీ ఏదిరా అన్నరు. నడుముకున్న గుండు తీసిన. వాయించిన."

గుండు అంటే గోడ నిలువుగా ఉందో లేదో చూడ్డానికి మేస్త్రీలు దారానికి కట్టి వేలాడదీసే ఇత్తడి గుండు. ఇక్కడికొచ్చేసరికి చాలంతా పడీపడీ నవ్వేది.

"గుండుతోని గిటారా! మరి తాపీతోని తబలా ఎవలు వాయించిన్రు తాతా?" అనేది పక్క ఖోలీలో, అంటే పక్క గదిలో ఉండే వజ్రమ్మ. అందరికంటే గట్టిగా నవ్వేది ఆమే. "స్టీలు గిటారన్నవు గదా, రోజు బూడిద పెట్టి తోముతరా దాన్ని?"

రాజలింగానికి 'కోతల లింగం' అని పేరు పెట్టింది కూడా ఆమే. పిల్లలు, పెద్దలు, పాలవాడు కూడా అదే పేరు. ముసలాయన పులి సంగతి ఎవరు నమ్మకపోయినా పట్టించుకోడు. గిటారు సంగతికి నవ్వితే మాత్రం ఆ పూట అన్నం ముట్టడు. శాంతాబాయికి అక్కడే అనుమానం. అబద్ధమైతే అంత బాధ దేనికి? నిజమైతే దాన్ని పులి కథ పక్కన ఎందుకు పెట్టాడు? నమ్మలేకా, నమ్మకుండా ఉండలేకా ఆమె సతమతమయ్యేది.

అలాంటి ఇంట్లో ఉండి దుర్గయ్య చేసే పనేమిటి? మామ మంచం మీద కూర్చుని "నేనే" అంటుంటే, అల్లుడు ఊరంతా తిరిగి "ఎవరు?" అని అడుగుతున్నాడు! దానికి రాజలింగం అల్లుడితో మాటలు మానేశాడు. ఏం కావాలన్నా కూతురి మీదుగానే.

"శాంతా, మీ ఆయన్ని జర జరగమను. గాలొస్తలేదు."

"శాంతా, మామకు చెప్పు. జరిగిన."

"శాంతా, మీ ఆయనకు చెప్పు. ఆ గిటారు వాయించినోడు దొరికితే నాకు గూడ చూపియ్యమని."

"నాయినా, నన్నెందుకు మధ్యల పెడతరు!" అని శాంతాబాయి గిన్నెలు విసిరేది. ఒకనాడు మొగుణ్ణి మెట్ల మీదే నిలేసింది. "మా నాయిన నేనే అంటున్నడు. నమ్మకపోతే నమ్మకు. ఊరంత ఎందుకు అడుగుతవయ్యా? ముసలాయన ఇజ్జత్ ఏం గావాలె?"

దుర్గయ్య చెప్పులు చూసుకుంటూ, "ఈ మెట్టు అతికించిందెవలు? మంచిగున్నది" అన్నాడు. శాంతాబాయి రెండ్రోజులు ఆయనతోనూ మాట్లాడలేదు. ఆ రెండ్రోజులు ఇంట్లో ఎవరితో ఎవరు మాట్లాడాలో తెలియక పిల్లి కూడా వజ్రమ్మ ఖోలీలో పడుకుంది.

ఇంతలో పాత పాటల పిచ్చివాళ్ల మధ్య ఒక మాట పుట్టింది. పడవ పాటలో గిటారు కామత్ అనే ఆయన వాయించాడట. ఎవరన్నారంటే ఎవరికీ తెలియదు. స్టూడియోలో పనిచేసిన పాతవాళ్లు అనగా విన్నామంటారు. ఇంకేం! దుర్గయ్య బొంబాయిలో ఉన్న కామత్‌లందరి మీదా పడ్డాడు.

గిర్గావ్‌లో ఒక కామత్ పళ్ల డాక్టరు. దుర్గయ్య నోరు తెరిచి కూర్చుని, మాట్లాడే వీలు చిక్కేలోపే ఒక పన్ను పోగొట్టుకుని వచ్చాడు. ఆ కామత్‌కు గిటారంటే ఏమిటో తెలియదు. మాటుంగాలో ఒక కామత్ గారి భార్య తలుపు సగమే తీసి, ఆయనకు ఇంటి గంట మోగించడం కూడా సరిగ్గా రాదని చెప్పి పంపింది. దాదర్‌లో ఒక కామత్ మాత్రం, "అవును, వాయించింది నేనే" అన్నాడు.

"ఎంత బాగ వాయించిన్రు సాబ్! దేంతోని వాయించిన్రు?"

"దేంతో ఏమిటయ్యా? వేళ్లతో!"

దుర్గయ్య ఆయనకు దండం పెట్టి, ఇంటికొచ్చి, ఆ పూట అన్నం మళ్లీ మళ్లీ వడ్డించుకుని తిన్నాడు. గిటారు మనిషి దొరికాడని సంబరమనుకుని, ఒళ్లు మండి శాంతాబాయి చారులో ఉప్పు వేయడం మానేసింది. మొగుడు ఉప్పు లేని చారును కూడా ఈలవేస్తూ తాగాడు.

ఆ ఏడు, అంటే ఎనభై నాలుగులో, వర్లిలో తెలుగువాళ్ల హాల్లో ఆదివారం మధ్యాహ్నం పాత పాటల సభ పెట్టారు. మైకుసెట్టు దుర్గయ్యదే. ముఖ్య అతిథిగా శంకర్రావు అనే మరాఠీ పెద్దమనిషిని పిలిపించింది కూడా దుర్గయ్యే. పాత రోజుల్లో, పడవ పాట రికార్డు చేసిన స్టూడియోలో మైకులు సర్దే పని చేసి రిటైరయిన మనిషి ఆయన. పరేల్ నుంచి టాక్సీలో తానే వెంటబెట్టుకొచ్చాడు. వింత ఏమిటంటే, దారి పొడుగునా దుర్గయ్య ఆయన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. టాక్సీ డ్రైవరు పేరు కూడా అడగలేదు. ముందు సీట్లో కూర్చున్న శాంతాబాయికి మొగుడికి జ్వరమేమోనని భయమేసింది.

రాజలింగం రానన్నాడు. "శాంతా, మీ ఆయనకు చెప్పు. పరాయోళ్ల గొప్పలు వినేటందుకు నేను రాను."

"శాంతా, మామకు చెప్పు. వైర్లు పిల్లలు తొక్కకుండ చూసేటందుకు మనిషి లేడు."

వైర్ల కాపలా అంటే బాధ్యత గల పని. రాజలింగం తలపాగా చుట్టుకుని ముందే బస్సులో వచ్చి, హాల్లో వెనక లౌడ్‌స్పీకరు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. చాలు జనం సగం అక్కడే ఉన్నారు. వజ్రమ్మ ముందు వరసలో ఉంది.

పడవ పాట పెట్టారు. గిటారు ముక్క వచ్చింది, పోయింది. ఈసారి దుర్గయ్య సూది ఎత్తలేదు. పాట అయ్యాక సభ నడిపే ఆయన, "ఈ పాటలో గిటారు వాయించిన కామత్ గారికి..." అని మొదలుపెట్టగానే దుర్గయ్య రెండో మైకు అందుకున్నాడు.

"శంకర్రావ్ సాబ్, మీరు ఆనాడు అక్కడ ఉన్నరు. వాయించిందెవలు?"

హాలంతా గొల్లున నవ్వింది. "మొదలుపెట్టిండు!" అంది వజ్రమ్మ. శాంతాబాయి తల దించుకుంది.

శంకర్రావు నవ్వలేదు. మైకు దగ్గరికి లాక్కుని నెమ్మదిగా మరాఠీలో చెప్పాడు. "కామత్ ఎవరు? ఏ కామతూ వాయించలేదు. నేను చెప్పింది కామాఠీ అని. కామాఠీ వాయించాడని ఎన్నిసార్లు చెప్పినా, నేను ఎగతాళి చేస్తున్నాననుకుని కామత్ చేసేశారు."

హాల్లో నవ్వు ఆగిపోయింది. బొంబాయిలో తక్కినవాళ్ల చెవికి కామాఠీ అంటే సామాన్లు మోసే కూలీ. మోసేవాడు వాయించడమేమిటని ఎవరికి వాళ్లు మాట సరిచేసుకున్నారు. ఆ మాటను సరిచేయకుండా వినగలిగిన జనం ఊరు మొత్తానికీ ఈ హాల్లోనే ఉన్నారు.

"ఆ రోజు వాన" అన్నాడు శంకర్రావు. "గిటారు మాస్టరు రాలేదు. అందరూ వాయిద్యాలు కట్టేస్తున్నారు. గోడ పని చేస్తున్న మేస్త్రీ ఒకడు వచ్చి నేను వాయిస్తానన్నాడు. కడ్డీ లేదు. మొలకు వేలాడుతున్న ఒళంబా తీశాడు. గోడకు పట్టే ఇత్తడి గుండు ఉంటుంది చూడండి, అది. తీగల మీద పెట్టి జార్చాడు. మైకు అతని ముందు పెట్టింది నేనే. నాకు ఒళ్లు జలదరించింది. రెండోసారి వాయించనివ్వలేదు, అదే ఉంచేశారు. నేను పేరు అడిగేలోపే అతను మళ్లీ గోడ దగ్గరికి పోయాడు."

శంకర్రావు ఆగాడు. దుర్గయ్య మైకును రెండు చేతులతో పట్టుకుని, పెదాలు బిగబట్టి, పైకప్పు వంక చూస్తున్నాడు.

ముందు వరసలోంచి ఒక అరుపు లేచింది. "ఓ లింగం తాతా!"

వజ్రమ్మే. కుర్చీ మీంచి లేచి వెనక్కి తిరిగింది. "గుండు! గుండని చెప్పలేదా తాత? ముప్పై ఏండ్ల నుంచి గుండనే చెప్తున్నడు గదా! మన లింగం తాతనే! అయ్యో, మన రాజలింగం తాతనే!"

హాలు మొత్తం తలకాయలు వెనక్కి తిరిగాయి. గవర్నరును గదమాయించిన మనిషి, పులిని గంపతో ఆపిన మనిషి, వైర్ల మీంచి కాలు తీయడం కూడా మరిచిపోయి స్టూలు మీదే కూర్చున్నాడు. శంకర్రావు మెట్లు దిగి, వరసల మధ్యగా నడిచి వెళ్లి, ఆయన కుడిచెయ్యి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. సున్నం తిని తిని పగుళ్లిచ్చిన చెయ్యి అది.

"ఆనాడు అడగలేదు" అన్నాడు. "నీ పేరేమిటి?"

ముసలాయన లేచి నిలబడ్డాడు. తలపాగా సర్దుకున్నాడు. దుర్గయ్య పరుగున తెచ్చిన మైకులో ఆయన గొంతు హాలు దాటి బయట రోడ్డు మీద కూడా వినబడింది.

"రాజలింగం. కామాఠీపురా, నాలుగో గల్లీ. మా నాయిన పెద్దయ్య, మేస్త్రీ. మా తాత బుచ్చయ్య, మేస్త్రీ. గిటారు వాయించింది నేనే."

హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. శాంతాబాయికి గర్వంతో గుండె పట్టలేదు. చప్పట్లు కొడుతూ, కళ్లు తుడుచుకుంటూ, రెంటికీ రెండు చేతులు చాలక సతమతమైంది.

ఇంటికొచ్చి, ముసలాయన చాలు వరండాలో జనం మధ్య కూర్చున్నాక, ఆమె మొగుణ్ణి ఖోలీలోకి లాగి తలుపు మూసింది.

"నీకు ముందే తెలుసు."

దుర్గయ్య వైరు చుట్టుకుంటూ నిలబడ్డాడు. "పెండ్లయిన కొత్తల్నే తెలుసు. గిటారు ముక్క ఆఖర్ల చిన్నగ ట‌క్కుమంటది. ఉక్కు కడ్డీకి ఏముంటది తాకేటందుకు? గుండుకైతే దారం కట్టే కొంకి ఉంటది. సూది పెట్టి పెట్టి విన్న. మామ చెప్పింది నిజం."

"మరి చెప్పొచ్చు గదా, దున్నపోతా! మా నాయినకు చెప్పొచ్చు. నాకు చెప్పొచ్చు."

"నేను చెప్తే అల్లుడు చెప్పిండంటరు. నువ్వు చెప్తే బిడ్డ చెప్పిందంటరు. మామ చెప్తే కోతలంటరు. బయటోడు చెప్పాలె. నేను గుండు అనొద్దు, మేస్త్రీ అనొద్దు, ఆయనంతట ఆయన అనాలె. అందుకే ఎవలు అని మాత్రమే అడిగిన. కామత్‌లు గూడ కాదని తేలాలె గదా, లేకుంటే రేపు ఒకడు లేస్తడు."

"అందుకు పన్ను పీకించుకున్నవా?"

"అది జర పుచ్చిందే."

శాంతాబాయికి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. "సరే. గిటారుకు అడిగినవు. పప్పు ఎందుకు? బస్సెందుకు? పాడె ఎందుకయ్యా?"

దుర్గయ్య వైరు చుట్టడం ఆపాడు. "గిటారు ఒక్కటే అడిగితే మామ కోసం అడుగుతున్నడని తెలిసిపోతది. అందుకని అన్నీ అడుగుడు మొదలుపెట్టిన. తర్వాత పేరు అడిగినప్పుడు వాళ్ల మొహాలు చూసిన, శాంతా. ఆ యాదమ్మ మొహం చూడకపోతివి. ఇగ బంద్ చేసుడు నా తోని కాలే."

శాంతాబాయి పొయ్యి మీది చారు దించి, అందులో ఉప్పు వేసి, అరచేతిలో పోసుకుని రుచి చూసి, మొగుడికి ముందు పోసింది. బయటినుంచి ఒక కేక వినబడింది. "ఓ అల్లుడా! జర ఇటు రా! నా పక్కన కూసో!"

ఎన్నో ఏళ్లకు నేరుగా వచ్చిన ఆ పిలుపుకు దుర్గయ్య చారు వదిలేసి పరుగెత్తాడు.

మర్నాడు పొద్దున నల్లా దగ్గర బిందెల వరసకు ముందు రాజలింగం స్టూలు వేసుకుని కూర్చున్నాడు. రాత్రికి రాత్రే గిటారు సంగతి పెరిగింది. పాడినావిడ ఆ ముక్క విని ఏడ్చిందట. అది విని దర్శకుడు కూడా ఏడ్చాడట. దర్శకుణ్ణి ఓదార్చి టాక్సీ ఎక్కించింది తానేనట. వజ్రమ్మ బిందె నిండి పొంగిపోతున్నా చూసుకోకుండా నోరు తెరుచుకుని వింటోంది.

"అదొక్కటే కాదు" అన్నాడు రాజలింగం. "ఆ సినిమాలనే ఇంకో పాటుంటది. అండ్ల సితారు నాదే."

"సితారు గూడనా!" అంది వజ్రమ్మ. ఆమె శాంతాబాయి వైపు తిరిగింది. "నిజమేనా శాంతక్కా?"

పక్కనే వేపపుల్ల నములుతున్న దుర్గయ్య నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. తండ్రి సితారును కళ్లతో కూడా చూసి ఉండడని శాంతాబాయికి బాగా తెలుసు. ముసలాయన గడ్డం పైకెత్తి కూతురి వంకే చూస్తున్నాడు. ఆమె బిందె చంకకెత్తుకుంది.

"నిజమే" అంది. "మా నాయిననే."